కడబంతి

మా ఇంట్లో లావుపాటి పుస్తకాలకి రెండే ఉపయోగాలు. చుట్టాలొచ్చినప్పుడు బీరువా అద్దాల్లోంచి గొప్పగా కనబడటం ఒకటి. కొత్తావకాయ జాడీకి వాసెన కట్టాక పైన బరువుగా కూర్చోవడం రెండోది. ఆరుద్రగారి ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ మావారికి ప్రాణం కనక ఆ సంపుటాల జోలికి నేను వెళ్ళను. ఆ మధ్య మా మేనకోడలు రెండు ఇంగ్లీషు పుస్తకాలు మా ఇంట్లో వదిలేసి హాస్టలుకి వెళ్ళిపోయింది. ఒకటి చైనా సాహిత్యానిది, ఒకటి కొరియా సాహిత్యానిది. చైనాది వెయ్యి పేజీల పైమాటే. అదొక్కటి పెడితే చాలు, జాడీ మూత కదిలితే ఒట్టు.

పుస్తకం బరువు చూసినదాన్ని బరువు చూసి ఊరుకోవచ్చు కదా! ఓ మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు తెరిచి చదవడం మొదలుపెట్టాను. అలా తెరవబుద్ధి కావడానికి అరకులో జరిగిన ఓ చిన్న సంగతి కారణం. ముందు అది చెప్పేస్తాను.

క్రిందటి చలికాలం అందరం కలిసి విశాఖపట్నం నుంచి కిరండూల్ రైలెక్కి అరకు వెళ్ళాం. సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలు కేకలు పెట్టడం, బొర్రా గుహలు, కాఫీ తోటలు, పులిహోర పొట్లాలు... ఆ సంబరమంతా మీకూ తెలిసిందే. సాయంత్రం మేం దిగినచోట మంట వేసి థింసా ఆడించారు. పదిహేనుమంది ఆడవాళ్ళు ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, మోరీ ఊదుతుంటే, డప్పు మోగుతుంటే, పాము మెలికలా కదిలారు. మనవాళ్ళు కొందరు మధ్యలో దూరి ఫోటోలు తీయించుకున్నారు. మా మేనకోడలు మాత్రం, “అత్తయ్యా, వీళ్ళు పాడుతున్నదానికి అర్థం ఏమిటి?” అని అడిగింది. నాకేం తెలుసు? అక్కడున్న నిర్వాహకుణ్ణి అడిగాం. “ఏదో కొండపాటమ్మా, పండగల్లో పాడుకుంటారు. మీరు ఫోటో తీసుకోండి” అన్నాడు. ఆట అయ్యాక వరసలో చివరనున్న పెద్దావిడని అడిగితే నవ్వి, “మా పాటమ్మా” అంది. ఇంకేదో చెప్పబోయేలోగా ఇంకో బస్సు వచ్చింది, మళ్ళీ ఆట మొదలు.

‘ఏదో’ అన్న ఆ ఒక్క మాట మా పిల్లకి గుచ్చుకుంది. రైల్లో తిరిగొస్తూ, “మన సాహిత్య చరిత్రలన్నీ చదివావుగా, ఈ పాటల మాట ఎక్కడైనా ఉందా?” అంది. అన్నీ చదివింది మావారు. నేను చదివింది సగం. ఆ సగంలో లేదు. మావారు కిటికీలోంచి బయటికి చూశారు.

ఇంక చైనా పుస్తకం. 1986లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ ప్రెస్సు వేసిన సంప్రదాయ చైనా సాహిత్య సహాయగ్రంథం అది. విలియం నీన్‌హౌజర్ అనే ఆయన సంపాదకుడు. ముందు పది వ్యాసాలు, తరవాత అక్షరక్రమంలో కవులూ కావ్యాలూ. ఆ పది వ్యాసాల్లో నాటకానికి ఒకటి, కథాసాహిత్యానికి ఒకటి, కవిత్వానికి ఒకటి, జనసాహిత్యానికి ఒకటి, ఆఖర్న స్త్రీల సాహిత్యానికి ఒకటి. అన్యాయం చేశారనడానికి లేదు, ఇంగ్లీషు అక్షరక్రమంలో స్త్రీ అన్న మాట చివర వస్తుందట! అయినా నాకు మన పెళ్ళిభోజనాలే గుర్తొచ్చాయి. మొదటి బంతి మగపెళ్ళివారికి, రెండో బంతి ఊరి పెద్దలకి, మూడోది ఎవరికో. వండి వడ్డించిన ఆడవాళ్ళకి కడబంతి. అప్పటికి బూరెలు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు.

దాంతో నాకు ఓ వ్యసనం పట్టుకుంది. ఏ పెద్ద పుస్తకం తెరిచినా అందులో ఏం రాశారన్నది తరవాత. ఎవర్ని ఏ బంతిలో కూర్చోబెట్టారన్నది ముందు చూస్తున్నాను. చైనాలో 1705లో కాంగ్‌షీ చక్రవర్తి ఆజ్ఞమీద తాంగ్ రాజుల కాలంనాటి పద్యాలన్నీ ఒకచోట చేర్చారు. తొమ్మిదివందల అధ్యాయాలు, సుమారు నలభై తొమ్మిదివేల పద్యాలు, రెండువేల రెండువందల పైచిలుకు కవులు. ఇంత బ్రహ్మాండమైన పనిని రెండేళ్ళలో ముగించారు. మన సంఘాల్లోనైతే అధ్యక్షుణ్ణి ఎన్నుకోడానికే ఆ రెండేళ్ళూ చాలవు. ఇక వడ్డన చూడండి. చక్రవర్తులూ రాణులూ మొదట. అది దర్బారు మర్యాద. తరవాత ఎనిమిదివందల అధ్యాయాల దాకా దాదాపు అంతా మగకవులే. అప్పుడు వస్తారు మామూలు ఆడవాళ్ళు, ఓ తొమ్మిది అధ్యాయాల్లో. వాళ్ళ తరవాత సన్యాసులు, తావో యోగులు, ఆపైన సిద్ధులు, ఆపైన దయ్యాలు! దయ్యాలు చెప్పాయనుకునే పద్యాలకి కూడా చోటుందండీ. అవీ అయ్యాక, కలలో విన్న పద్యాలూ హాస్యాలూ కూడా అయ్యాక, చివరివైపు జనం నోటి పాటలూ సామెతలూ పొడుపుకథలూ. మొత్తానికి ఆడవాళ్ళకి దయ్యాలకన్నా రెండుమూడు బంతులు ముందే పిలుపొచ్చింది. జానపదులకి దయ్యాలు భోంచేసి లేచాకగాని రాలేదు.

ఈ మహాసంకలనాన్ని దగ్గరుండి చేయించినాయన పేరు త్సావ్ యిన్. ఆయన మనవడే త్సావ్ శ్యూచిన్, ‘ఎర్రమేడ కల’ అనే ప్రసిద్ధ నవల రాసినాయన. ఆ నవలలో ఓ పెద్ద జమీందారీ తోటలో ఆడపిల్లలు సంఘం పెట్టుకుని పోటీలుపడి పద్యాలు చెప్పుకుంటారు. తాతగారు చివర్లో కూర్చోబెట్టినవాళ్ళని మనవడు పిలిచి మొదటి విస్తరి వేశాడని నాకు అనిపించింది. చైనా పండితులు ఒప్పుకుంటారో లేదో, వాళ్ళు ఈ పత్రిక చదవరు లెండి.

విచిత్రం ఏమిటంటే అదే దేశంలో, అంతకు రెండువేల ఏళ్ళ పైబడి ముందు వచ్చిన ‘షీ చింగ్’ అనే పాటల పుస్తకంలో వరస తలకిందులుగా ఉంది. మూడువందల అయిదు పాటలు. అందులో నూటఅరవై ఆయా రాజ్యాల జనం పాటలు. కోతల పాటలు, పెళ్ళి పాటలు, మొగుడు యుద్ధానికి వెళ్ళిన ఆడదాని పాటలు. అవి మొదట. ఆస్థానగీతాలూ పూజాగీతాలూ వాటి వెనక. కన్ఫ్యూషియస్ అంతటివాడు ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. కాబట్టి పాటని చివరికి నెట్టడం ఏమీ సృష్టి నియమం కాదు. మధ్యలో ఎవరో విస్తళ్ళు మార్చారు.

మరి మన సంగతి? తెలుగు కవుల చరిత్రలు రాసినవాళ్ళని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘ఆంధ్ర కవుల చరిత్ర’ రాసినప్పుడు ఇప్పటిలా అచ్చు పుస్తకాలు ఎదురుగా లేవు. తాటాకులు వెతికి, శాసనాలు చూసి, ఎవరి తాత ఎవరో తేల్చుకోవాల్సి వచ్చింది. ఆరుద్రగారు ఒక్కచేత్తో పన్నెండు సంపుటాలు తీసుకురావడం మామూలు మాట కాదు. ఆయనా విశాఖపట్నం మనిషే. పైగా సినిమాకి పాటలు రాసి బతికినాయన కనక పాటంటే చిన్నచూపు లేదు. కాని కాలాన్ని ఆయన విభజించింది ఏలినవాళ్ళ పేర్లమీద. కాకతీయులది ఒక యుగం, రెడ్డిరాజులది ఒకటి, నాయకరాజులది ఒకటి. ఆఖరికి కంపెనీవాడికీ ఓ యుగం, జమీందార్లకీ ఓ యుగం. కంపెనీవాడు వచ్చి కూర్చున్న చోట మొల్లా, తాళ్ళపాక తిమ్మక్కా, రంగాజమ్మా తమ పేర్న యుగం లేకుండా పక్కన ఒదిగి కూర్చోవాలి. రాజ్యమే లేనివాళ్ళకి, అంటే కొండలమీదివాళ్ళకి, ఆ లెక్కన యుగం ఎక్కణ్ణించి వస్తుంది? కావాలని ఎవరినీ తోసెయ్యలేదు. కొలబద్ద అలాంటిది.

ఆడవాళ్ళ సంగతి ఆడవాళ్ళే చూసుకోవాల్సి వచ్చింది. భండారు అచ్చమాంబగారు ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు; ముప్ఫై ఏళ్ళు దాటీ దాటకుండా 1905లో పోయారు పాపం. ఊటుకూరి లక్ష్మీకాంతమ్మగారు ‘ఆంధ్ర కవయిత్రులు’ పేరిట కవయిత్రులందరినీ వెతికి ఒకచోట చేర్చారు. జానపదుల వైపు బిరుదురాజు రామరాజుగారు నడుం కట్టి ‘తెలుగు జానపద గేయ సాహిత్యం’ 1958లో అచ్చువేశారు. నాయని కృష్ణకుమారిగారు జానపద గేయగాథలు పరిశోధించారు. వీళ్ళ పుణ్యమా అని మన దంపుళ్ళ పాటకీ లాలిపాటకీ విస్తరి దొరికింది. వేరే పందిట్లోనే అనుకోండి, దొరికింది. కొండపాటకి ఆ వేరే పందిరి కూడా లేదు. అది తెలుగు కాదుగా! అందుకని తెలుగువారి సాహిత్య చరిత్రలో ఉండదు. ఇంకే చరిత్రలో ఉంటుందో ఎవరూ చెప్పరు.

మనకో సామెత ఉంది: వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని. సవరలకి అలాంటివాడు ఒకడు దొరికాడు. పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మేష్టరుద్యోగం చేసుకుంటూ ఉండిన గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుకభాష కోసం పోరాడినాయనగా ఆయన మనందరికీ తెలుసు. ఈ పత్రిక ఇలా మాట్లాడుకున్నట్టు రాస్తోందంటే, మీరూ నేనూ సుఖంగా చదువుకుంటున్నామంటే, ఆయన చలవే. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. కాని ఆ ఉద్యమానికి ముందే ఆయన సవర నేర్చుకున్నాడన్న సంగతి ఉపన్యాసాల్లో ఓ వాక్యంలో తేలిపోతుంది. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారనీ, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టారనీ పెద్దలు చెబుతారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకి డెబ్భై అయిదేళ్ళు. సవర మన తెలుగుకి చుట్టమైనా కాదు. అది ముండా భాషల కుటుంబం. చుట్టరికం లేని భాషకి నలభై ఏళ్ళు ఊడిగం చేసినాయన్ని ఏమనాలి?

ఆయన కొడుకు గిడుగు సీతాపతిగారు కూడా తండ్రి వెంట సవర నేర్చారు, సవరల గురించి వ్యాసాలు రాశారు. ఆ సీతాపతిగారే ఇంగ్లీషులో తెలుగు సాహిత్య చరిత్ర రాశారు; 1968లో కేంద్ర సాహిత్య అకాడమీ అచ్చువేసింది. ఒకే ఇల్లు, ఒకే బల్ల. బల్లకి ఇటు నన్నయ నుంచి ఆధునికుల దాకా చరిత్ర, అటు సవర. ఆ రెండూ ఒకే పుస్తకంలోకి రాలేదు. రావాలని ఎవరూ అడగలేదు కూడా. ఇటుదాన్ని సాహిత్యం అన్నారు, అటుదాన్ని భాష అన్నారు. నాకు అర్థం కానిది ఇదే. పాట పాడేవాడు భాషకి ఉదాహరణ చెబుతున్నాననుకుని పాడతాడా?

ఇక మా అరకు దగ్గరికి వద్దాం. అక్కడ వెతగ్గా వెతగ్గా మా మేనకోడలికి దొరికింది భద్రిరాజు కృష్ణమూర్తిగారి ‘కొండ ఆర్ కూబి’. 1969లో హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన శిక్షణ సంస్థ వేసింది. అరకు వైపు కొండదొరలు మాట్లాడే భాష మీద మొదటి పెద్ద పుస్తకం. ఏ లైబ్రరీలో దొరికిందో చెప్పను, వాళ్ళు నొచ్చుకుంటారు. దొరికింది మటుకు సాహిత్యం బీరువాలో కాదు, ఎదురు గోడనున్న భాషాశాస్త్రం బీరువాలో. పైన దుమ్ము ఎంత ఉందంటే మా పిల్ల తుమ్ములకి లైబ్రేరియన్‌గారు లేచి వచ్చారు.

పుస్తకం అట్టమీదే ‘పాఠాలు, వ్యాకరణం, పదకోశం’ అని ఉంది. పాఠాలంటే కూబి మాట్లాడేవాళ్ళ నోటివెంట వచ్చినవి వచ్చినట్టు రాసుకున్నవి. వ్యాకరణం చదవడం నా తరం కాలేదు, నిజం ఒప్పుకుంటాను. ఒక్క సంగతి మాత్రం నన్ను కూర్చోబెట్టింది. చిన్నప్పుడు మనం బండి ఱ దిద్దాం గుర్తుందా? ఎక్కడ మామూలు ర రాయాలో, ఎక్కడ బండి ఱ రాయాలో తెలీక దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. నన్నయ నాటికి ఆ రెంటికీ పలకడంలో తేడా ఉండేది. తరవాత తెలుగు నోట ఆ తేడా పోయింది, లక్షణగ్రంథాల్లో జాబితాలు మిగిలాయి. పండితులు ఆ జాబితాలు కంఠస్థం చేసి ఒకరి తప్పులు ఒకరు పట్టుకున్నారు. మనం పోగొట్టుకున్న ఆ తేడాని కూబి భాష నిలుపుకుందని కృష్ణమూర్తిగారు చూపించారు. తెలుగూ, గోండీ, కువీ, కూబీ ఒక్క తల్లి శాఖలోవే. అంటే మన మేనత్త కూతురింట్లో అమ్మమ్మ గొలుసు భద్రంగా ఉండిపోయిందన్నమాట. మనింట్లో దాని చిట్టా కాయితం మిగిలింది.

కృష్ణమూర్తిగారంటే నాకు మొదటినుంచీ అభిమానం. రైతుల నోటి మాటల్ని పోగుచేసి 1962లో మాండలిక వృత్తి పదకోశం తెచ్చింది ఆయనే. నాగలికి ఏ భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో అందులో చూసి మా నాన్నగారు పొంగిపోయేవారు. అయినా ఈ కూబి పుస్తకం విషయంలో నాకో కొరత. పుస్తకమంతా ఇంగ్లీషు. కూబి మాటలేమో ఇంగ్లీషు అక్షరాలకి కిందా పైనా చుక్కలూ గీతలూ తగిలించిన లిపిలో. పండితుడికి అది అవసరమే, శబ్దం ఉన్నదున్నట్టు పట్టుకోవాలి కదా. కాని ఎవరి నోటివెంట వచ్చిన మాటలో వాళ్ళ మనవరాలు ఇవాళ అరకులో తెలుగు బళ్ళో చదువుకుంటూ ఉంటే, ఆ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టినా తన ముత్తవ్వ కథ తనకి అర్థం కాదు. యాభై ఏళ్ళు దాటినా ఆ పాఠాలు ఒక్కటీ తెలుగు లిపిలో చిన్న పుస్తకంగా నా కంటపడలేదు. ఎనభై పేజీలు చాలేవి. గదబ భాషకి 1980లో పెరి భాస్కరరావుగారి పుస్తకం వచ్చింది; అదీ పండితుల బీరువాలోకే చేరింది.

వ్యాకరణంలో దాక్కున్న కథ కథే కాదంటారేమో అని మావారు వాదించారు. అప్పుడు మా పిల్ల రెండో పుస్తకం తీసింది. పీటర్ లీ సంపాదకత్వంలో 2003లో కేంబ్రిడ్జివాళ్ళు వేసిన కొరియా సాహిత్య చరిత్ర. కొరియావాళ్ళకి తమ ప్రాచీన కవిత్వం అనగానే ‘హ్యాంగ్‌గా’ పాటలు. 888లో సిల్లా రాజ్యాన్ని ఏలిన చిన్‌సాంగ్ రాణి ఆ పాటలన్నీ పోగుచెయ్యమని ఆజ్ఞ ఇచ్చింది. చేశారు కూడా. ఆ పుస్తకం పోయింది! పేరు మిగిలింది, పాటలు లేవు. ఇవాళ మొత్తం మీద దొరుకుతున్నవి ఓ పాతిక. అందులో పద్నాలుగు ఎక్కడ దొరికాయి? పదమూడో శతాబ్దంలో ఇర్యోన్ అనే బౌద్ధ భిక్షువు రాజుల కథలూ మహిమలూ రాసుకుంటూ, కథ మధ్యలో ఆ పాటని కూడా రాసిపెట్టాడు. పాటలకోసం అతను పుస్తకం రాయలేదు. మిగిలిన పదకొండు ఇంకో భిక్షువు జీవితచరిత్రలో తలదాచుకున్నాయి. పైగా కొరియా మాటల్ని చైనా అక్షరాలతో తంటాలుపడి రాశారు కనక వాటిని చదవగలగడానికి ఇరవయ్యో శతాబ్దంలో పండితులు ఏళ్ళకి ఏళ్ళు కష్టపడ్డారు. ఇప్పుడు ఆ దేశపు సాహిత్య చరిత్ర వాటితో మొదలవుతుంది.

“చూశారా మామయ్యా, పరాయి పుస్తకంలో తలదాచుకున్న పాటలకే అక్కడ మొదటి బంతి” అంది మా పిల్ల. మావారు కళ్ళజోడు తుడుచుకుని, “అది వాళ్ళ సొంత భాష, అందుకని పిలిచారు” అన్నారు. ఆయన మాటలోనూ సబబు ఉంది. కూబి పాటని తెలుగు సాహిత్య చరిత్రలో కలిపేస్తే తెలుగువాళ్ళు అదీ మాదే అనేస్తారేమో అన్న భయం నాకూ ఉంది. అరకులో మనం కాఫీ తోటల్ని ఎలా మావి అంటున్నామో అలాగ. అందుకని కలపమని నేననను. ఆంధ్ర దేశంలో ఉన్న సాహిత్యాలు అని బహువచనంలో ఒక పుస్తకం ఎవరైనా రాస్తే, అందులో సవరకీ, కూబికీ, కువికీ, గదబకీ, ఆ తెగలన్నీ ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఆదివాసీ ఒరియాకీ తలో అధ్యాయం పెడితే, ఆ అధ్యాయాలు పరిశిష్టంలో కాక పుస్తకం నడుమన ఉంటే, కొని బీరువాలో పెట్టుకుంటాను. జాడీ మీద పెట్టను, మాట ఇస్తున్నాను. ఆ అధ్యాయాలు రాయగలిగినవాళ్ళు అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ పార్వతీపురం మన్యంలోనూ ఇప్పుడు కాలేజీల్లో చదువుతూ ఉండాలి. కాస్త తొందరగా రాయాలి వాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడే కొండదొరల పిల్లలు ఏటికేడు ఎక్కువవుతున్నారు.

చైత్రంలో ఇటుకల పండగకి అరకు మళ్ళీ వెళ్దామని మా పిల్ల పట్టుబట్టింది. ఈసారి హోటలు మంట దగ్గరికి కాదట. ఆ పెద్దావిడ ఊరు కనుక్కుందట, అక్కడికట. టేపురికార్డరు అక్కర్లేదు, ఈ రోజుల్లో ఫోనే అన్నీ చేస్తుందంది. నేను మాత్రం రెండువందల పేజీల రూళ్ళ నోటుబుక్కు ఒకటి కొన్నాను. పాట తెలుగు అక్షరాల్లో రాసుకుంటే ఆవిడ మనవరాలు చదివి తప్పులు దిద్దుతుంది కదా అని. మావారు తనూ వస్తానంటున్నారు. జాడీ మీదికి ఇప్పుడు రుబ్బురోలు పొత్రం ఎక్కింది.